అడ్వాన్స్ తీసుకుని రిజిస్ట్రేషన్ చేయనంటే: రెట్టింపు డబ్బు వద్దు, ప్లాటే కావాలని అడగొచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైంది ఇది. 200 గజాల ప్లాటు 40 లక్షలకు మాట్లాడుకుని అగ్రిమెంట్ రాసుకున్నారు. 8 లక్షలు అడ్వాన్స్ ఇచ్చారు. అందులో 5 లక్షలు చెక్కు, 3 లక్షలు నగదు. నాలుగు నెలల్లో మిగతాది కట్టి రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ఆ గడువు దాటి ఏడు నెలలైంది. ఈలోపు రేటు పెరిగింది. ఓనర్ ఇప్పుడు "అగ్రిమెంట్‌లో రాసినట్టే డబుల్ అడ్వాన్స్ ఇచ్చేస్తా, వదిలేయండి" అంటున్నాడు. మీకు ప్లాటే కావాలి. పోలీసు కేసు పెట్టొచ్చా అని కూడా అడిగారు. చివర్లో మీ షాపు లీజు గోల ఒకటి కలిపారు, దాని సంగతి కింద చెప్తాను.

నేను సివిల్ కోర్టుల్లో ప్రాక్టీసు చేసే లాయర్ని. నా దగ్గరికి వచ్చే ఫైళ్లలో ఇలాంటివే ఎక్కువ.

సూటిగా చెప్పాలంటే: అడగొచ్చు. డబుల్ ఇస్తానన్నంత మాత్రాన ఓనర్ చేతులు దులుపుకుని వెళ్లిపోలేడు. మీరు వేయాల్సింది స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా, అంటే ఒప్పుకున్న ధరకే రిజిస్ట్రేషన్ చేయమని కోర్టు చేత చెప్పించడం. మీ అగ్రిమెంట్‌లో గడువు ఉంది కాబట్టి ఆ తేదీ నుంచి మూడేళ్లలోపు వేయాలి. ఓనర్ మాట తప్పాడని నిరూపించడం అంత కష్టం కాదు, అది కాగితం మీదే కనపడుతుంది. ఇలాంటి కేసులు ఎక్కువగా పోయేది కొనేవాడి వైపు నుంచి. గడువు నాటి నుంచి ఇవాళ్టి దాకా మీరు 32 లక్షలతో సిద్ధంగా ఉన్నారా లేదా అన్నదాని మీదే మీ కేసు నిలబడుతుంది. ఈ ఏడు నెలల్లో మీరేం చేశారో ప్రశ్నలో ఒక్క ముక్క రాయలేదు. నాకు టెన్షన్ అక్కడే.

ముందు ఆ డబుల్ అడ్వాన్స్ సంగతి చూద్దాం. "అమ్మకందారు వెనుదీసిన యెడల అడ్వాన్సుకు రెట్టింపు చెల్లించవలెను" అనే వాక్యం డాక్యుమెంట్ రైటర్ల నమూనాల్లో తరచూ ఉంటుంది, ఎవరూ ఆలోచించి రాసుకోరు. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం, 1963, సెక్షన్ 23 సరిగ్గా దీని గురించే. ఆ మొత్తం ఓనర్ ఒప్పందాన్ని దాటకుండా ఉండేందుకు రాసుకున్నదా, లేక "అమ్ము, లేదంటే ఇంత కట్టి వెళ్లు" అని ఆయనకు ఎంచుకునే వీలు ఇస్తూ రాసుకున్నదా అని కోర్టు చూస్తుంది. మొదటి రకమైతే ఆయన డబ్బు పట్టుకొచ్చి కోర్టులో నిలబడినా రిజిస్ట్రేషన్ చేయమనే ఆదేశించవచ్చు. రెండో రకమైతే మీ కేసు బలహీనపడుతుంది. అందుకే ఆ వాక్యం అక్షరం అక్షరం చదవాలి. "రిజిస్ట్రేషన్ చేయించుకొనుటకు గానీ, రెట్టింపు పుచ్చుకొనుటకు గానీ కొనుగోలుదారునకు హక్కు కలదు" అని ఉంటే మీరు అదృష్టవంతులు. అప్పుడు ఎంచుకునేది మీరు.

పైగా 2018 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో పరిస్థితి మారింది. అంతకు ముందు అన్నీ రుజువైనా రిజిస్ట్రేషన్ ఇప్పించాలా, డబ్బు ఇప్పించాలా అనేది జడ్జి విచక్షణ. ఇప్పుడు చట్టంలో ఉన్న కొన్ని మినహాయింపులు పోను అమలు చేయించి తీరాల్సిందే అన్నట్టు సెక్షన్ 10 మార్చారు. దాంతో కొనేవాళ్ల చేతికి బలం వచ్చింది, నిజమే. కానీ సెక్షన్ 16(సి) అలాగే ఉంది. మీ వంతు నెరవేర్చడానికి మీరు సిద్ధంగా ఉన్నారనీ, మనసు కూడా ఉందనీ మీరే రుజువు చేయాలి.

ఈ 16(సి) దగ్గర కాస్త ఆగుదాం.

రొక్కం మూట కట్టుకుని కోర్టుకు రావక్కర్లేదు. కోర్టు కట్టమన్నప్పుడు కట్టగలిగితే చాలని చట్టంలోనే వివరణ ఉంది. కానీ "నా దగ్గర డబ్బుంది" అని నోటితో అంటే సరిపోదు. గడువు రోజు నాటి బ్యాంకు స్టేట్‌మెంట్, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదు, హోమ్ లోన్ శాంక్షన్ లెటర్, వేరే ఆస్తి అమ్మి ఉంటే ఆ డాక్యుమెంటు, ఇలా ఏదో ఒకటి కనపడాలి. బావగారు సర్దుతానన్నారు అంటే ఆ బావగారు సాక్షిగా వచ్చి తన ఖాతా చూపించాలి. అవతలి లాయరు క్రాస్ ఎగ్జామినేషన్‌లో మొదట అడిగేది ఇదే: "ఫలానా తేదీన మీ ఖాతాలో ఎంత ఉంది?"

నా క్లయింట్ ఒకాయన గడువు రోజున పొద్దున్నే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లాడు. చేతిలో డీడీ, వెంట ఇద్దరు సాక్షులు. మెట్ల దగ్గర నిలబడి ఓనర్‌కు వాట్సాప్‌లో ఒక మెసేజ్ పెట్టాడు: "పదకొండు నుంచి ఇక్కడే ఉన్నాను. డీడీ తెచ్చాను. ఎప్పుడొస్తున్నారు?" కింద డీడీ ఫొటో. రెండు నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. తర్వాత ఓనర్ కోర్టులో "వాళ్లు డబ్బు సమకూర్చుకోలేక వెనక్కి తగ్గారు" అని వాదించాడు. ఆ ఒక్క మెసేజ్ ముందు ఆ వాదన నిలవలేదు. మీ దగ్గర ఇలాంటి చాట్లుంటే ఫోను మార్చినా, అమ్మినా అవి పోకుండా జాగ్రత్తపడండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్‌తో దాఖలు చేయాలి, ఉత్త స్క్రీన్‌షాట్ ప్రింటు తీసుకొస్తే అభ్యంతరం చెప్తారు.

దీనికి పూర్తిగా ఎదురు కేసూ చూశాను. కొనేవాడు గడువు దాటాక రెండేళ్లకు పైగా కిమ్మనలేదు. ఊరి పక్కన రోడ్డు పడి రేటు ఎగిశాక ఒక్కసారిగా నోటీసు పంపాడు. దావా మూడేళ్లలోపే వేశాడు, టైమ్ బార్ కాలేదు. అయినా రిజిస్ట్రేషన్ దక్కలేదు, అడ్వాన్స్ వడ్డీతో వెనక్కి వచ్చింది, అంతే. ఎందుకంటే స్థిరాస్తి ఒప్పందాల్లో మామూలుగా గడువు తేదీ ఒక్కటే ప్రాణం కాకపోయినా పని సబబైన సమయంలో జరగాలని సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల బెంచ్ 1992లో చెప్పింది. పట్టణాల్లో ధరలు వేగంగా పెరుగుతున్న సంగతి పట్టించుకోకుండా ఉండలేమని 1997లో మరో తీర్పులో అంది. మూడేళ్లున్నాయి కదా అని కూర్చోవద్దు. మూడేళ్లనేది దావా వేయడానికి ఆఖరి హద్దు. అప్పటిదాకా ఊరుకుంటే మీ ఉద్దేశం మీదే అనుమానం వస్తుంది.

కాబట్టి ఈ వారంలోనే లాయర్ నోటీసు వెళ్లాలి. అందులో బెదిరింపులు అక్కర్లేదు. అగ్రిమెంట్ తేదీ, ఇచ్చిన డబ్బు, మిగతా 32 లక్షలు సిద్ధంగా ఉన్నాయన్న మాట, ఫలానా రోజు ఫలానా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు రమ్మన్న పిలుపు ఉంటే చాలు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ రిపోర్టు దాచుకోండి. ఆ రోజు మీరు నిజంగా వెళ్లండి. వెళ్లకపోతే ఆ నోటీసే మీకు ఎదురు తిరుగుతుంది.

ఇంకో మాట. ఓనర్ ఫోన్లో "చూద్దాం, వచ్చే నెల చేద్దాం" అన్నంత మాత్రాన మూడేళ్ల లెక్క ముందుకు జరగదు. గడువు పొడిగించుకుంటే అగ్రిమెంట్ వెనకాల రాసుకుని సంతకాలు పెట్టించుకోవాలి. అక్కడ కూడా ఒక చిక్కు ఉంటుంది. ముందు వైపు తండ్రీ ఇద్దరు కొడుకులూ సంతకం చేసి, వెనక ఎండార్స్‌మెంట్ మీద తండ్రి ఒక్కడే చేసిన కాగితాలు చాలా వస్తుంటాయి. కొడుకులు "మేం పొడిగించలేదు" అంటారు.

అసలు కాగితం తీసి ఇవి చూడండి. ఓనర్లు ఎంతమంది, అందరూ సంతకం చేశారా? పిత్రార్జితమైతే సంతకం చేయని వాటాదారుల వాటా మీకు రాకపోవచ్చు. రిజిస్టర్ చేయించారా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో తెచ్చిన సవరణతో స్థిరాస్తి అమ్మకపు అగ్రిమెంట్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది. మీది నోటరీ అగ్రిమెంటే అయినా కంగారు పడొద్దు, స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావాలో దాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 49 మినహాయింపు ఇచ్చింది.

నిజంగా మెడకు చుట్టుకునేది స్టాంపు డ్యూటీ. "ఈ దినమే ప్లాటు మీ స్వాధీనం చేయడమైనది" అనే లైను అగ్రిమెంట్‌లో ఉందా? ఉంటే మన రాష్ట్రాల్లో స్టాంపు చట్టం షెడ్యూల్ 1-ఎ, ఆర్టికల్ 47-ఎ వివరణ ప్రకారం దాన్ని సేల్ డీడ్‌గానే లెక్కేసి డ్యూటీ అడుగుతారు. వంద రూపాయల స్టాంపు పేపర్ మీద రాసిన ఆ కాగితం కోర్టులో మార్క్ చేయబోగానే అవతలి లాయరు లేచి అభ్యంతరం చెప్తాడు. అక్కడే కోర్టులో కట్టి ఎక్కించుకోవాలంటే తక్కువపడిన డ్యూటీ, దాని మీద పది రెట్ల పెనాల్టీ. కాగితాన్ని కలెక్టర్‌కు పంపించమని కోరితే పెనాల్టీ తగ్గించే అధికారం అక్కడ ఉంటుంది. ఈ ఒక్క లైను ఉందో లేదో దావా వేయకముందే మీ లాయర్‌తో తేల్చుకోండి.

దావాలో ఏమేం అడగాలి? ప్రధానంగా రిజిస్ట్రేషన్, స్వాధీనం. ఒకవేళ అది దక్కకపోతే అడ్వాన్స్ వడ్డీతో వాపసు. ఈ రెండోది అడగడానికి కొందరు మొహమాటపడతారు, కేసు బలహీనంగా కనపడుతుందేమోనని. అది అపోహ. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 22 ప్రకారం అడగనిదే కోర్టు వాపసు ఇప్పించదు. తర్వాత ప్లెయింట్ (దావా పత్రం) సవరించుకునే వీలున్నా దానికో పిటిషన్, దాని మీద వాదనలు ఎందుకు? ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55(6)(బి) ప్రకారం, తప్పు మీది కానంత వరకు, మీరిచ్చిన డబ్బుకు ఆ ప్లాటు మీద చార్జి, అంటే ఆ సొమ్ముకు ప్లాటే హామీగా ఉండే హక్కు, ఉంటుంది. దాన్నీ అడగండి. ఓనర్ చేతిలో డబ్బు లేకపోయినా ప్లాటు అమ్మించి రాబట్టుకోవచ్చు. నష్టపరిహారం కావాలంటే అదీ ఇదే దావాలో కలపాలి. స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్ దావా కొట్టేశాక పరిహారం కోసం వేరే దావా వేయడానికి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 24 అడ్డు.

ఎవరికైనా అమ్మేస్తాడేమోనన్న భయంతో ముందు ఉత్త ఇంజంక్షన్ (అమ్మకుండా ఆపే ఉత్తర్వు) దావా వేద్దాం, మిగతాది తర్వాత చూద్దాం అని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోవద్దు. కోర్టు ఫీజు తక్కువ కాబట్టి ఇది ఆకర్షణీయంగా ఉంటుంది. కానీ అప్పటికే రిజిస్ట్రేషన్ అడిగే హక్కు పుట్టి ఉండి, అనుమతి తీసుకోకుండా దాన్ని వదిలేస్తే, తర్వాత వేసే దావాకు సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 2 రూల్ 2 అడ్డొస్తుంది. అసలు దావా వేసి, అందులోనే ఆర్డర్ 39 కింద తాత్కాలిక ఇంజంక్షన్ పిటిషన్ వేయండి. దావా నడుస్తుండగా అమ్మినా కొన్నవాడు ఆ దావా ఫలితానికి కట్టుబడాల్సిందే, అది ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 52. దావాకు ముందే అమ్మేసి ఉంటే మాత్రం కథ వేరు. మీ అగ్రిమెంట్ సంగతి తెలియకుండా, నిజాయతీగా, డబ్బు పెట్టి కొన్నవాడిని చట్టం కాపాడుతుంది. అందుకే ఈ రోజే ఈసీ, అంటే ఆ ప్లాటు మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తీయండి. ఒక కేసులో ప్లాటు ఓనర్ బావమరిది పేరు మీదికి వెళ్లిపోయింది. ఆ బావమరిదే మా అగ్రిమెంట్ మీద సాక్షి! తనకేం తెలియదని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.

కోర్టు ఫీజు వినగానే చాలామంది ఉలిక్కిపడతారు. అది 8 లక్షల అడ్వాన్స్ మీద కాదు, 40 లక్షల పూర్తి ధర మీద కట్టాలి. మధ్యలో లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ ఫీజు వెనక్కి వస్తుంది. ఆయన ఎంతో కొంత పెంచమని అడిగి, మీకూ గిట్టుబాటు అనిపిస్తే అక్కడ తేల్చుకోవడం నామోషీ ఏం కాదు.

ఇక నగదుగా ఇచ్చిన 3 లక్షలు. అగ్రిమెంట్‌లో ముట్టినట్టు రాసి ఉంటే రుజువు సమస్య లేదు. కానీ 2 లక్షలు, అంతకు మించి నగదు ఇచ్చామని దావాలో చెప్తే ఆ సంగతి ఆదాయపు పన్ను శాఖకు తెలియజేయాలని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో కోర్టులను ఆదేశించింది. దాచిపెడదామని చూడకండి, డబ్బు ఎక్కడిదో లెక్క ముందే సిద్ధం చేసుకోండి. ఆడిటర్‌ను కలిస్తే మంచిది.

పోలీసు కేసా? ఇప్పుడు మీరు చెప్పిన దాన్నిబట్టి నిలబడదు. చీటింగ్, అంటే పాత 420, ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 318, కావాలంటే ఒప్పందం చేసుకున్న నాడే మోసం చేసే ఉద్దేశం ఉండాలి. రేటు పెరిగాక బుద్ధి మారడం సివిల్ తగాదా అని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఈసీలో ఆ ప్లాటు మీ అగ్రిమెంట్ కంటే ముందే ఇంకొకరికి అమ్మేసినట్టు తేలితే మాత్రం క్రిమినల్ కేసు గట్టిగానే ఉంటుంది. స్టేషన్‌లో పెద్దమనుషుల మధ్య రాసే రాజీ కాగితాల మీద సంతకం పెట్టేముందు మీ లాయర్‌కు చూపించండి. వాటిలో ఒక్కోసారి "అగ్రిమెంట్ రద్దయినది" అనే వాక్యం నక్కి ఉంటుంది.

ఒకవేళ విసిగిపోయి డబ్బే తీసుకుందామనుకుంటే లెక్క ఇలా ఉంటుంది. కాంట్రాక్టు చట్టం, 1872, సెక్షన్ 73 కింద ఒప్పుకున్న ధరకూ, ఓనర్ మాట తప్పిన రోజు నాటి ధరకూ తేడా అడగొచ్చు. ఇవాళ్టి రేటు లెక్కలోకి రాదు. ప్రభుత్వ మార్కెట్ వాల్యూ చాలాచోట్ల అసలు రేటు కంటే తక్కువే ఉంటుంది, కాబట్టి ఆ నెలల్లో పక్క ప్లాట్లకు రిజిస్టరైన సేల్ డీడ్ల కాపీలు తెచ్చుకోవాలి. మీ అగ్రిమెంట్‌లో పరిహారం మొత్తం రాసి ఉంది కాబట్టి సెక్షన్ 74 ప్రకారం అదే గరిష్ఠం, అంటే మీ అడ్వాన్స్ కాక ఇంకో 8 లక్షలు. అదీ రాసుకున్నారు కదా అని మొత్తంగా చేతిలో పెట్టరు. దానికి లోబడి సబబైనంతే ఇస్తారని 1963 నుంచీ సుప్రీంకోర్టు చెప్తూనే ఉంది. కాబట్టి ఓనర్ తనంతట తానే పూర్తి డబుల్ ఇస్తానంటున్నాడంటే, డబ్బు కోణంలో చూస్తే అది చెత్త ఆఫరేమీ కాదు. ప్లాటు మీద అంత పట్టుదల లేని క్లయింటుకైతే నేను తీసుకోమనే చెప్తాను.

ఇది బిల్డర్ దగ్గర ఫ్లాటు అయితే దారి వేరే. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం సెక్షన్ 18 కింద వడ్డీతో వాపసుకైనా, ఆలస్యానికి నెలనెలా వడ్డీకైనా నేరుగా రెరాకు వెళ్లొచ్చు. సరుకుల అమ్మకమైతే 1930 నాటి చట్టం వర్తిస్తుంది, అక్కడ మామూలుగా ధర తేడాయే దక్కుతుంది.

ఇక మీ షాపు లీజు. ఐదేళ్లకు వంద రూపాయల స్టాంపు మీద రాసుకున్నారు, రిజిస్టర్ చేయలేదు, రెండేళ్లకే ఓనర్ ఖాళీ చేయమంటున్నాడు, 3 లక్షల డిపాజిట్ ఇవ్వడేమోనని భయం. ఇది మీకు నచ్చని జవాబు: ఆ ఐదేళ్ల గడువును కోర్టు గుర్తించడం కష్టం. ఏడాదికి మించిన లీజు రిజిస్టర్ కావాలి, లేకపోతే దాన్ని నెలవారీ అద్దెగా చూస్తారు. ఆయన ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 కింద పదిహేను రోజుల నోటీసు ఇచ్చి, ఆ తర్వాత దావా వేసి ఖాళీ చేయించుకోవచ్చు.

కానీ తాళం వేసి బయటికి నెట్టడం కుదరదు. అలా చేస్తే ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 కింద దావా వేయండి. అందులో హక్కు ఎవరిదన్న చర్చ ఉండదు, మిమ్మల్ని చట్టప్రకారం కాకుండా గెంటేశారా లేదా అన్నదే చూస్తారు. అప్పటిదాకా అద్దె బ్యాంకు ద్వారానే పంపుతూ ఉండండి, ఒక్క నెల కూడా ఆపొద్దు. ఆయన తీసుకోనంటే మనీ ఆర్డర్ చేసి రసీదు ఉంచుకోండి. డిపాజిట్ మాత్రం ఎటూ పోదు, ఇచ్చినట్టు ఆధారం ఉంటే చాలు. ఖాళీ చేసే రోజున కరెంటు బిల్లు చివరి రీడింగ్, షట్టర్, గోడల ఫొటోలు, తాళాలు అప్పజెప్పినట్టు ఒక సంతకం తీసుకోండి. డిపాజిట్‌లో కోతలు పడేది వీటి దగ్గరే. తర్వాత రాబట్టడానికి వెళ్లాల్సి వస్తే, వ్యాపారానికి మాత్రమే వాడే చోటు, మొత్తం 3 లక్షలు కాబట్టి కమర్షియల్ కోర్టు పరిధిలోకి రావొచ్చు. అక్కడ అత్యవసర ఉత్తర్వు అడగకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి.

ప్లాటు దావా మీద ఏళ్లు పడుతుంది, అది దాచను. గెలిచాక కూడా డిక్రీలో ఇచ్చిన గడువులోపు మిగతా సొమ్ము కోర్టులో కట్టాలి. కట్టకపోతే అగ్రిమెంట్ రద్దు చేయమని ఓనర్ స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 28 కింద అడుగుతాడు. మీరు కట్టి, ఆయన అప్పటికీ రాకపోతే ఎగ్జిక్యూషన్ (డిక్రీ అమలు) పిటిషన్ వేస్తే ఆయన తరఫున కోర్టే సేల్ డీడ్ మీద సంతకం చేయిస్తుంది. ఆయన రావాల్సిన అవసరం కూడా లేదు.

వీలైతే మూడు సంగతులు కింద రాయండి, ఇంకాస్త స్పష్టంగా చెప్పగలను: డబుల్ అడ్వాన్స్ వాక్యం ఉన్నది ఉన్నట్టు, స్వాధీనం గురించిన లైను ఉంటే అదీ, గడువు రోజున మీ ఖాతాల్లో, లోన్ రూపంలో కలిపి ఎంత చూపించగలరో. పేర్లు, సర్వే నంబరు తీసేసి పెట్టండి.